బలద్ ఉత్తరం: దుబాసీ తప్పు చేస్తే

డర్బన్ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. తెలుగు నేర్చుకుని రెండేళ్ళయిందట. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. ఆమె మాటలు ఇవి: "అన్నయ్యా, మీరు కంప్యూటర్ పని చేస్తారని ఎప్పుడో ఒకసారి రాశారు. కానీ ప్రతి నెలా ఖర్జూరాల గురించి, సముద్రం గురించి, బలద్‌లో పాత ఇళ్ళ గురించి రాస్తారు. మీ పని గురించి ఎందుకు రాయరు? మా అమ్మమ్మకు వచ్చిన తెలుగులో మీ పని చెప్పగలరా?"

గడుసు ప్రశ్న. నాలుగు రోజులు ఆలోచించాను. మా పనిలో మాటలన్నీ ఇంగ్లీషువే. మేము తెలుగువాళ్ళం పదిమంది కూర్చున్నా "బగ్ ఉంది, ఫిక్స్ చెయ్యాలి, టెస్ట్ రన్ చెయ్యి" అనే అంటాం. క్రియ చివర ఒక్కటే తెలుగు. అయినా అమ్మమ్మ తెలుగులో చెప్పడానికి నాకొక మాట దొరికింది. దుబాసీ.

ఈ మాట మీలో కొందరికి కొత్త కావచ్చు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. ఇద్దరి మధ్య నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాడు. మీ ముత్తాత ఓడ ఎక్కే ముందు ఇంగ్లీషు ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేశాడు కదా, ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలుగులో చెప్పడానికి మధ్యలో ఒకరు ఉండాలి. ఆ మనిషి ఏం చెబితే మీ ముత్తాతకు అదే ఒప్పందం. దక్షిణాఫ్రికాలో మీ ఇంటిపేరు 'నాయ్డూ' అయితే, అది మొదట 'నాయుడు'. చెప్పినవాడు సరిగానే చెప్పాడు. రాసుకున్నవాడు తాను విన్నదే రాశానన్నాడు. మధ్యలో ఎక్కడో 'యు' జారిపోయింది, 'డు' సాగింది.

కంప్యూటర్ లోపల కూడా ఒక దుబాసీ ఉంటాడు. మనిషి ఒక భాషలో ప్రోగ్రామ్ రాస్తాడు. కంప్యూటర్ గుండెకాయకు ఆ భాష రాదు. దానికి వచ్చింది అంకెలే. ఒక్కో రకం కంప్యూటర్‌కు ఒక్కో రకం అంకెల భాష. అందుకని 1995లో జావా అనే భాష వచ్చినప్పుడు, దాన్ని తయారు చేసినవాళ్ళు మధ్యలో ఒక యంత్రాన్ని పెట్టారు. అది చేత్తో పట్టుకునే యంత్రం కాదు, అదీ ఒక ప్రోగ్రామే. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. 'ఉన్నట్టు నటించే యంత్రం' అనుకోండి. మీరు రాసిన ప్రోగ్రామ్ దానికి చెబుతారు, అది కంప్యూటర్‌కు చెబుతుంది. ఏ కంప్యూటర్ అయినా సరే, దాని మీద ఆ దుబాసీ ఉంటే చాలు.

(చిన్న ముచ్చట. జావా అన్న పేరు కాఫీ నుంచి వచ్చింది. నేనుండే జెడ్డా ఒకప్పుడు కాఫీ వ్యాపారానికి పెద్ద రేవు. యెమెన్ నుంచి కాఫీ గింజలు ఎర్రసముద్రం మీదుగా ఇక్కడికి వచ్చి, ఇక్కడి నుంచి ఉత్తరానికి వెళ్ళేవి. జావా దుబాసీకి ఇచ్చే ప్రతి ఫైలూ ఒక గుర్తుతో మొదలవుతుంది. ఆ గుర్తును ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే 'కెఫే బేబ్' అని వస్తుంది. మావాళ్ళకు ఇలాంటి సరదాలు ఎక్కువ.)

మామూలుగా ప్రోగ్రామ్ చెడిపోతే తప్పు రాసినవాడిదే. నూటికి తొంభై తొమ్మిది సార్లు అంతే. కాబట్టి ఎవరైనా వచ్చి "తప్పు నాది కాదు, దుబాసీది" అంటే మేము నవ్వుతాం. పంట పండనివాడు నేలను తిట్టినట్టు ఉంటుంది. కానీ ఆ నూరో సారి కూడా ఒకటి ఉంటుంది. అది నేను బలద్‌లోనే చూశాను. 2011 ఆగస్టులో.

అప్పుడు నేను ఊరికి ఉత్తరాన ఒక ఆఫీసులో పని చేసేవాణ్ణి. రంజాన్ నెల మొదలైంది. జెడ్డాలో రంజాన్ అంటే పగలు రాత్రి, రాత్రి పగలు. తరావీహ్ నమాజు అయ్యాక బలద్ వీధులు నిండిపోతాయి. బాబ్ మక్కా దగ్గర నుంచి అలవీ బజారు దాకా జనమే. ఆగస్టు ఉక్కకు చొక్కా వీపుకు అంటుకుపోతుంది, అయినా ఎవరూ ఇంటికి వెళ్ళరు. నేనూ వెళ్ళేవాణ్ణి కాదు. ఒక సందులో సులేమానీ చాయ్, అంటే పాలు లేని టీ, తాగుతూ కూర్చునేవాణ్ణి.

ఆ సందులోనే ఒక కార్గో కొట్టు ఉండేది. పేరు వద్దు. మనవాళ్ళు ఇంటికి పెట్టెలు పంపేది అక్కడి నుంచే. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు, పిల్లల బొమ్మలు. పెట్టె బరువు తూచి, లోపల ఏముందో ఇంగ్లీషులో రాసి, ఓడ మీద పంపుతారు. రంజాన్‌లో పండగ కోసం పంపేవాళ్ళు ఎక్కువ. కొట్టు గుమ్మం దాకా పెట్టెలే.

అక్కడ కంప్యూటర్ చూసే కుర్రవాడిది జగిత్యాల దగ్గర ఊరు. డిగ్రీ కంప్యూటర్స్ చదివాడు. వీసాకు అప్పు చేసి వచ్చాడు. జీతం తక్కువ, కానీ పని అంటే ఇష్టం. ఎవరూ అడగకుండానే కొట్టుకు ఒక వెతుకులాట ప్రోగ్రామ్ రాశాడు. పెట్టె నంబరు మరిచిపోయినవాళ్ళు వచ్చి "నా పెట్టెలో రెండు దుప్పట్లు, ఒక కుక్కర్ ఉన్నాయి" అంటే చాలు, ఆ మాటలతో పెట్టె ఎక్కడుందో దొరుకుతుంది. పుస్తకం చివర 'ఏ మాట ఏ పేజీలో' అని పట్టిక ఉంటుంది చూడండి, అలాంటి పట్టికను ప్రోగ్రామ్ రోజూ కొత్తగా తయారు చేసుకుంటుంది. దానికోసం లూసీన్ అనే ఉచిత సాధనం వాడాడు. ప్రపంచంలో చాలామంది వాడేది అదే.

రంజాన్ మొదటి వారంలో ఒక రాత్రి అతను నా టీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అన్నా, జరంత వచ్చి చూస్తవా? నేనేం చెయ్యలేదన్నా. మొన్నటిదాక మంచిగనే ఉండె."

"కూర్చో తమ్ముడూ. ముందు టీ తాగు. ఏమైంది?"

"ప్రోగ్రామ్ నడుమల పడిపోతుందన్నా. రోజు రాత్రి పట్టిక చేస్తుంటె సగంల ఆగిపోతుంది. సగం పెట్టెలు దొరుకుతలేవు. మనిషి వచ్చి అడిగితే లేదని చూపిస్తుంది. పెట్టె ఏమో ఎనుక గోదాంల ఉంటది."

ఆ రోజు పొద్దున ఒక పెద్దాయన వచ్చాడట. కూతురి పెళ్ళికి పంపిన పెట్టె. కంప్యూటర్ 'లేదు' అంది. ఆయన కొట్టు ముందే కూలబడ్డాడు. మేనేజరు కోపం అంతా కుర్రవాడి మీదికి మళ్ళింది. కావాలని చెడగొట్టాడని అన్నాడు. ఈ నెల జీతం ఆపుతానన్నాడు, పండగ కాగానే ఎగ్జిట్ కొట్టి పంపిస్తానన్నాడు. ఎగ్జిట్ అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడం. ఆ ఏడాదే నితాఖాత్ నియమాలు వచ్చాయి. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలు ఉండాలో లెక్క పెట్టే నియమాలు అవి. పరదేశి ఉద్యోగులందరికీ లోపల గుబులుగానే ఉంది.

"వీసా అప్పు ఇంక తీరలేదన్నా," అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

వెళ్ళి చూశాను. నిజం చెబుతున్నాను, మొదట నేనూ అతన్నే అనుమానించాను. "ఏం మార్చావు?" అని మూడుసార్లు అడిగాను. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదన్నాడు. నాలుగోసారి అడిగితే గుర్తొచ్చింది. పాత కంప్యూటర్ పాడైతే కొత్తది తెచ్చారట. దాని మీద జావా మళ్ళీ పెట్టాడు. సరికొత్తది దొరికిందని అదే పెట్టాడు. జావా 7. అది విడుదలైంది 2011 జూలై 28న. రంజాన్ మొదలైంది ఆగస్టు 1న.

దుబాసీ మారాడన్నమాట. ఇల్లు అదే, యజమాని అదే, మాట్లాడే మాట అదే. కానీ 'కొత్తది కాబట్టి తప్పు దానిదే' అనడం న్యాయం కాదు. రుజువు కావాలి.

జావా దుబాసీ మరీ ఘోరంగా పడిపోయినప్పుడు ఒక కాగితం వదిలి పడిపోతాడు. అంటే ఒక చిన్న ఫైలు. తాను ఎక్కడ ఉండగా పడిపోయాడో అందులో రాసి ఉంటుంది. కుర్రవాడి తప్పయితే సాధారణంగా ఇలాంటి కాగితం రాదు. 'ఫలానా వరసలో తప్పు ఉంది' అని మర్యాదగా చెప్పి ఆగుతుంది. ఇక్కడ మర్యాద లేదు. తనది కాని చోట జ్ఞాపకాన్ని ముట్టుకున్నాడు, కంప్యూటర్ మెడపట్టి గెంటేసింది. పడిపోయిన చోటు పేరు 'పోర్టర్ స్టెమ్మర్'. ఆ పేరు ముందు ఇంగ్లీషు 'జే' అక్షరం ఒకటి ఉంది. ఆ 'జే' గురించి తర్వాత చెబుతాను.

ముందు పోర్టర్ స్టెమ్మర్. ఇది భాష నేర్చుకునేవాళ్ళకు నచ్చే విషయం. 1980లో మార్టిన్ పోర్టర్ అనే ఆయన ఇంగ్లీషు మాటల తోకలు కత్తిరించే పద్ధతి ఒకటి ప్రచురించాడు. 'బ్లాంకెట్స్' అంటే చివరి 'స్' తీసేసి 'బ్లాంకెట్' చేస్తుంది. అప్పుడు దుప్పటి అని వెతికినా దుప్పట్లు అని వెతికినా ఒకే పెట్టె దొరుకుతుంది. ఇంగ్లీషుకు తోకలు తక్కువ కాబట్టి పని జరిగిపోతుంది. తెలుగుకైతే కత్తెర చాలదు. 'ఇల్లు' చివర కత్తిరిస్తే 'ఇంట్లో' రాదు, 'ఇంటికి' రాదు. 'కన్ను' ఒకటి, 'కళ్ళు' రెండు. మీరు క్లాసులో వీటితో ఎంత బాధ పడతారో నాకు తెలుసు. కంప్యూటర్ కూడా అంతే బాధ పడుతుంది.

ఆ కత్తెర పని చేసేది అక్షరం తర్వాత అక్షరం చూస్తూ. ఇది అచ్చా, హల్లా? తర్వాతది? ఆ తర్వాతది? ఇలా తిరిగి తిరిగి చేసే పనిని లూప్ అంటారు. మన మాటలో గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు.

ఇప్పుడు తప్పును చిన్నది చేయాలి. ఏ లోపాన్ని పట్టాలన్నా మొదటి పని ఇదే. పెద్ద గడ్డివాములో సూది ఉంటే, వామును సగం చెయ్యి. సూది ఏ సగంలో ఉందో చూడు. మళ్ళీ సగం చెయ్యి. మేమూ అలాగే పెట్టెల జాబితాను సగం చేశాం. పడిపోయింది. అందులో సగం. పడిపోయింది. ఇంకా సగం, ఇంకా సగం. ఒకచోటికి వచ్చేసరికి పడిపోవడం మానేసింది. సరే, సూది రెండో సగంలో ఉందనుకుని దాన్ని పెట్టాం. అదీ పడిపోలేదు! రెండు సగాలూ మంచివే. రెండూ కలిపితే చెడ్డవి.

కుర్రవాడు తల పట్టుకున్నాడు. "దయ్యమా ఏందన్నా ఇది?" నేనూ కాసేపు అలాగే కూర్చున్నాను. బయట ఎవరో చల్లని సోబియా అమ్ముతున్నారు. ఒక సీసా తెప్పించుకుని తాగాం. రంజాన్‌లో బలద్ వచ్చి సోబియా తాగకపోతే వచ్చినట్టే కాదు.

అప్పుడు అతనే అన్నాడు. "మాటల తప్పు కాదేమో అన్నా. ఎన్నిమాటలన్నదే తప్పేమో."

అది సరైన ఆలోచన. ఇరవై పెట్టెల జాబితా తీసుకున్నాం. ఒక్కసారి నడిపితే ఏమీ కాలేదు. ఆ ఇరవై పెట్టెలనే మళ్ళీ మళ్ళీ, వేలసార్లు నడిపాం. ధన్‌మని పడిపోయింది. అదే చోట.

ఇక్కడ ఆ 'జే' అక్షరం సంగతి చెప్పాలి. దుబాసీ మొదట ప్రతి వాక్యం విని, అప్పటికప్పుడు తర్జుమా చేస్తాడు. అది నెమ్మది పని. కానీ ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంటే లెక్క పెట్టుకుంటాడు. ఆ రోజుల్లో పెద్ద కంప్యూటర్ల మీద ఆ లెక్క 10,000. అన్నిసార్లు విన్నాక, ఇక ఈ వాక్యం వినక్కర్లేదు అనుకుంటాడు. దాన్ని కంప్యూటర్ సొంత భాషలోకి ఒకేసారి మార్చి, బట్టీ పట్టేస్తాడు. ఇక ఆ మాట ఎప్పుడు వచ్చినా ఠక్కున అప్పజెబుతాడు. వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఈ దుబాసీ పేరు 'హాట్‌స్పాట్'. వేడెక్కిన చోటు. పడిపోయినప్పుడు వదిలిన కాగితంలో 'జే' అంటే బట్టీ పట్టిన జావా మాట అని అర్థం.

అంటే మా అనుమానం ఇది: వింటున్నంతసేపూ దుబాసీ మంచివాడే. బట్టీ పట్టాకే తప్పు చెబుతున్నాడు.

దీన్ని పరీక్షించడం తేలిక. బట్టీ పట్టకుండా ఎప్పుడూ విని చెప్పమని దుబాసీని ఆదేశించే ఒక మాట ఉంది. 'ఎక్స్ ఇంట్' అని రాసి నడపాలి. నడిపాం. మూడు నిమిషాల పనికి అరగంట పైన పట్టింది. నత్తనడక. కానీ చివరి పెట్టె దాకా వెళ్ళింది. పడిపోలేదు. మామూలుగా నడిపాం, పడిపోయింది. మళ్ళీ 'ఎక్స్ ఇంట్', పడిపోలేదు. మూడోసారి కూడా అంతే.

కుర్రవాడు లేచి నిలబడ్డాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. సంతోషం కాదు అది. వారం రోజులుగా అందరూ నువ్వే దొంగవి అంటే, నేనేనేమో అని తనే నమ్మడం మొదలుపెట్టిన మనిషి ముఖం.

అప్పుడు వెతికితే దొరికింది. లూసీన్ చేసేవాళ్ళు జూలై 28నే, జావా 7 విడుదలైన రోజునే, అందరికీ హెచ్చరిక ఇచ్చారు. ఈ జావాతో మా సాధనం వాడవద్దు, పడిపోవచ్చు, పట్టికలు పాడు కావచ్చు అని. విడుదలకు అయిదు రోజుల ముందే వాళ్ళు ఈ లోపాలు కనిపెట్టి జావా చేసేవాళ్ళకు చెప్పారు. కానీ అప్పటికి ఆలస్యమైపోయింది. ముహూర్తం పెట్టుకున్నాక పెళ్ళి ఆగదు కదా. విడుదల జరిగిపోయింది. నా అభిప్రాయం అడిగితే, ఆపాల్సింది. పడిపోవడం ఒక్కటే అయితే ఫరవాలేదు, అందరికీ కనిపిస్తుంది. పట్టిక నిశ్శబ్దంగా తప్పుగా తయారైతే ఎవరికి తెలుస్తుంది? తప్పు చెప్పే దుబాసీ కంటే మూర్ఛపోయే దుబాసీ నయం.

వేకువ భోజనం వేళకు పాత జావా 6 తెచ్చి పెట్టాం. పాత పట్టికను నమ్మలేం కాబట్టి పూర్తిగా చెరిపేసి మొదటి నుంచి చేశాం. పెద్దాయన పెట్టె దొరికింది. రెండు దుప్పట్లు, ఒక కుక్కర్, గాజుల డబ్బా.

తెల్లవారుజామున ఇద్దరం నడుచుకుంటూ నసీఫ్ ఇంటి ముందుకు వచ్చాం. బలద్‌లో అందరికీ తెలిసిన ఇల్లు అది. దాని ముందు ఒక వేపచెట్టు ఉంటుంది. ఒకప్పుడు జెడ్డా ఊరంతటికీ అదొక్కటే చెట్టని చెబుతారు. పరాయి ఊళ్ళో వేపచెట్టు కనిపిస్తే మనవాళ్ళ కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. మేమూ దాని కింద కూర్చున్నాం.

"లోపల అసలేం తప్పన్నా?" అని అడిగాడు.

అప్పుడు నాకు పూర్తిగా తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. మీకు అమ్మమ్మ తెలుగులోనే చెబుతాను. చీకట్లో మెట్లు దిగుతున్నారు. ప్రతి మెట్టుకూ ముందు తడిమి చూసి, ఉందని తెలిశాక కాలు వేస్తారు. ఇది భద్రం, కానీ నెమ్మది. తెలివైనవాడు ఏం చేస్తాడు? దిగే ముందే మొత్తం మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకుని, తర్వాత చకచకా దిగిపోతాడు. బట్టీ పట్టే దుబాసీ కూడా లూప్ లోపలి తనిఖీలను ఇలాగే బయటికి, పైకి తెస్తాడు. అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, తనిఖీలను పైకి జరిపేటప్పుడు వాటిని నమ్ముకున్న పనులను కూడా ఒక్కోసారి మరీ పైకి జరిపాడు. చూడటం కంటే ముందు కాలు వెయ్యడం జరిగింది. చాలాసార్లు అక్కడ మెట్టు ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి ఉండదు.

దీన్ని బాగుచేయడం అంటే ఆ పనిని అలా జరపకు అని ఒక చిన్న నియమం చేర్చడం. రాసింది కొద్ది వరసలే. కానీ ఎక్కడ చేర్చాలో తెలియడానికే అంత కష్టం. ఇంకో సంగతి. దుబాసీని ఆపి బాగుచేయడానికి లేదు. లోకమంతా వాడుతూనే ఉంటుంది. బలద్ ఇళ్ళను బాగుచేసేవాళ్ళను నేను చూస్తుంటాను. ఇక్కడి పాత గోడలు పగడపు రాళ్ళతో కట్టినవి. మధ్య మధ్య అడ్డంగా చెక్క దూలాలు ఉంటాయి, బరువును అన్ని వైపులా పంచడానికి. ఒక దూలం పుచ్చితే, పైన గోడ నిలబడి ఉండగానే దాన్ని తీసి కొత్తది దూర్చాలి. కింద ఆనిక పెట్టి, అంగుళం అంగుళం జరుపుతారు. పనివాళ్ళు ఊపిరి బిగపట్టి ఉంటారు. మా పనీ అలాంటిదే. కాకపోతే మాకు దుమ్ము అంటదు.

ఈ లోపానికి జావావాళ్ళు పెట్టిన సంఖ్య 7070134. దాన్ని బాగుచేశాక అదే సంఖ్య పేరుతో ఒక పరీక్ష కూడా చేర్చారు. అందులో పోర్టర్ కత్తెర ఉంటుంది, పెద్ద మాటల జాబితా ఉంటుంది. ఆ తప్పు మళ్ళీ ఎవరైనా తెలియక తెస్తే ఆ పరీక్షలో పట్టుబడుతుంది. ఊళ్ళో వరద వచ్చిన ఏడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత గీస్తారే, అలాంటి గీత.

ఇక మేనేజరు సంగతి. పట్టిక బాగుపడింది కానీ ఆయన కోపం బాగుపడలేదు. "యంత్రం తప్పు అంటున్నావు కదా, కాగితం తీసుకురా. కఫీల్ చదవాలి," అన్నాడు. కఫీల్ అంటే కుర్రవాడి వీసాకు యజమాని. ఆయనకు అరబీ తప్ప రాదు. నేను ఇంగ్లీషులో అరపేజీ రాశాను. లూసీన్ హెచ్చరికను కూడా అచ్చు తీశాం. రెండూ తీసుకుని సందు చివర టైపింగ్ కొట్టుకు వెళ్ళాం. అక్కడ ఒక ముసలాయన అర్జీలు అరబీలో రాసి పెడతాడు. ఆయనా దుబాసీయే కదా! కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, శ్రద్ధగా టైప్ చేశాడు. పది రియాళ్ళు తీసుకున్నాడు.

కఫీల్ ఆ కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. చాలా గంభీరంగా తలెత్తి, "మరి మందు కొట్టించారా?" అని అడిగాడు.

మాకు అర్థం కాలేదు. మేనేజరుకు కూడా అర్థం కాలేదు. కాగితం అడిగి తీసుకుని చూశాడు. ఇంగ్లీషులో 'బగ్' అంటే లోపమే కాదు, పురుగు అని కూడా అర్థం. ముసలాయన 'హషరా' అని రాశాడు. హషరా అంటే అరబీలో పురుగు. యంత్రంలో పురుగు ఉందని, దాని వల్ల కొన్ని పెట్టెలు కనపడలేదని, పురుగును ఈ కుర్రవాడు తేలేదని కాగితంలో ఉంది. ఆయన తప్పేం లేదు పాపం. 1947లో అమెరికాలో హార్వర్డ్ వాళ్ళ కంప్యూటర్‌లో నిజంగానే ఒక చిమ్మట ఇరుక్కుంటే, దాన్ని తీసి పుస్తకంలో అంటించి పెట్టారు. ఇప్పటికీ భద్రంగా ఉంది.

మేనేజరు సరిదిద్దబోయాడు. నేను కాలితో మెల్లిగా తట్టాను. కఫీల్ కుర్రవాడి వైపు చూసి, "ఇతను తేలేదు కదా?" అన్నాడు. "లేదు," అన్నాం ముగ్గురం. "అయితే జీతం ఎందుకు ఆపడం?" అన్నాడు.

మర్నాడు నిజంగానే ఒక మనిషి డబ్బా తగిలించుకుని వచ్చి కంప్యూటర్ చుట్టూ, గోదాం మూలల్లో మందు కొట్టి వెళ్ళాడు. ఆ వాసన పండగ దాకా పోలేదు. జీతం పండగకు ముందే చేతికి వచ్చింది. ఆ అరబీ కాగితాన్ని కుర్రవాడు మడిచి ఇకామా కవరులో పెట్టుకున్నాడు. చాలా రోజులు తీయలేదు.

అక్టోబరు 18న జావా 7 మొదటి సవరణ వచ్చింది. అందులో ఈ లోపం బాగుచేశారు. ఆ వారమే అతను టీ బల్ల దగ్గరికి నవ్వుకుంటూ వచ్చాడు.

"అన్నా, పురుగు చచ్చిందట!"

"అయితే కొత్తది పెట్టేస్తావా?"

"ముందుగాల నువ్వు పెట్టి చూడన్నా," అన్నాడు. "నెల ఆగి నేను పెడత."